10.0.2.15 నుంచి 1492 దాకా: వర్చువల్ మెషీన్‌లో నెట్ ఎక్కడ ఆగింది?

ల్యాప్‌టాప్‌లో నెట్ చక్కగా వస్తోంది. అదే ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ పెట్టి, అందులో ఉబుంటు ఎక్కించి, మొదటి అప్‌డేట్ కమాండ్ కొట్టగానే సర్వర్ దొరకలేదంటోంది. బ్రౌజర్ తెరిస్తే తెల్ల పేజీ. ఇంజినీరింగ్ విద్యార్థులు, అమీర్‌పేటలో లైనక్స్ కోర్సులో చేరి ఇంటి దగ్గర సాధన చేసుకునేవాళ్లు, ఉద్యోగం మారడానికి రాత్రిళ్లు కూర్చుని క్లౌడ్ నేర్చుకునేవాళ్లు చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడ ఆగిపోతారు. అప్పుడు చేసే పని కూడా దాదాపు ఒకటే. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి నాట్ అనే పద్ధతి తీసేసి బ్రిడ్జ్ అనేది పెడతారు. అది పనిచేయకపోతే మళ్లీ నాట్ పెడతారు. చివరికి మొత్తం తీసేసి కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తారు. సాయంత్రమంతా దానికే పోతుంది. ఒక్కోసారి నెట్ వచ్చేస్తుంది కూడా, కానీ ఎందుకొచ్చిందో తెలియదు కాబట్టి ఇంకోసారి పోతే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఇంత తిప్పలు అక్కర్లేదు. వర్చువల్ మెషీన్‌కు వచ్చిన ఐపీ అడ్రసే లోపం ఎక్కడుందో చూపిస్తుంది. చుక్కలతో విడదీసిన ఆ నాలుగు సంఖ్యలు చదవడం వస్తే, లోపం ఏ మెట్టు దగ్గరుందో సగం తేలిపోతుంది. సెట్టింగ్ మార్చిన మరుక్షణం ఆ అడ్రస్ మారిపోతుంది, దానితో ఆధారమూ పోతుంది. అందుకే ముందు చూసి రాసి పెట్టుకోండి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి.

రెండు పేర్లు గుర్తుంచుకుంటే చాలు. అసలు కంప్యూటర్‌ను హోస్ట్ అంటారు, దాని లోపల నడిచే వర్చువల్ మెషీన్‌ను గెస్ట్ అంటారు. గెస్ట్ లైనక్స్ అయితే టెర్మినల్‌లో ‘ఐపీ ఎ’ కొట్టాలి, విండోస్ అయితే కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఐపీకాన్ఫిగ్’ కొట్టాలి.

అడ్రస్ చెప్పే సంగతి

వర్చువల్‌బాక్స్‌లో ఏమీ మార్చకుండా వదిలేస్తే కనిపించాల్సిన అడ్రస్ 10.0.2.15. బయటికి దారి చూపే గేట్‌వే 10.0.2.2. వెబ్‌సైట్ పేర్లకు అడ్రస్‌లు వెతికిపెట్టే డీఎన్‌ఎస్ సర్వర్‌గా హోస్ట్ వాడేదే గానీ, 10.0.2.3 గానీ కనిపిస్తుంది. అడ్రస్, గేట్‌వే విజయవాడలో మీ మెషీన్‌కూ ఇవే, డల్లాస్‌లో ఉన్న మీ అన్నయ్య మెషీన్‌కూ ఇవే. ఒకే ల్యాప్‌టాప్‌లో మూడు గెస్ట్‌లు నడిపినా మూడింటికీ 10.0.2.15 అనే వస్తుంది. అది చూసి ఇదే తప్పనుకుని మార్చబోయేవాళ్లున్నారు. తప్పేమీ లేదు. ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ 101 నంబర్ ఫ్లాట్ ఉన్నట్టే, నాట్ పద్ధతిలో ప్రతి గెస్ట్‌కూ విడిగా ఒక చిన్న నెట్‌వర్క్ ఉంటుంది, అందులో 15వ నంబర్ దానిది. అదే మెషీన్‌కు రెండో నాట్ కార్డు తగిలిస్తే ఆ కార్డు 10.0.3 వరుసలోకి వెళ్తుంది.

ఈ సంఖ్యలకు ఒక పాత చరిత్ర ఉంది. 1995లో ఆస్ట్రేలియాలో డానీ గాస్పరోవ్‌స్కీ స్లర్ప్ అనే ప్రోగ్రామ్ రాశాడు. అప్పట్లో ఇంటి ఫోన్ లైన్ మీద డయల్ చేసి ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్‌లోకి వెళ్తే చాలామందికి అక్షరాల తెర ఒక్కటే దక్కేది. ఆ ఖాతా మీదుగానే పూర్తి ఇంటర్నెట్‌ను ఇంటికి రప్పించడం స్లర్ప్ పని. దానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి అక్కర్లేదు, మామూలు ప్రోగ్రామ్‌లా నడుస్తుంది. వర్చువల్ మెషీన్ల కాలం వచ్చాక సరిగ్గా ఆ గుణమే అవసరమైంది. క్యూఈఎంయూ అనే ప్రోగ్రామూ, వర్చువల్‌బాక్సూ తమ నాట్‌ను స్లర్ప్ మీదే కట్టుకున్నాయి. అందుకే రెండింటిలోనూ అదే 10.0.2.15.

ఈ చరిత్ర తెలిస్తే పని సులువవుతుంది. నాట్‌లో గెస్ట్ ఏ వెబ్‌సైట్ అడిగినా, ఆ కనెక్షన్‌ను నిజంగా తెరిచేది హోస్ట్‌లో నడుస్తున్న వర్చువల్‌బాక్స్ ప్రోగ్రామే. హోస్ట్ దృష్టిలో అది ఇంకో బ్రౌజర్ లాంటిది. కాబట్టి హోస్ట్ ఆఫీసు వీపీఎన్‌లో ఉంటే గెస్ట్ కూడా సాధారణంగా అందులోంచే పోతుంది. వైఫై నుంచి కేబుల్‌కు మారినా గెస్ట్ అడ్రస్ మారదు. హోస్ట్‌లోని యాంటీవైరస్ లేదా ఫైర్‌వాల్ వర్చువల్‌బాక్స్‌ను ఆపేస్తే మాత్రం గెస్ట్‌లో ఎన్ని మార్పులు చేసినా లాభం లేదు, ఎందుకంటే అడ్డు బయట ఉంది. ఇంట్లో నేర్చుకోవడానికి పెట్టుకున్న మెషీన్‌కు నాట్ ఒక్కటే చాలని నా గట్టి అభిప్రాయం. కారణం లేకుండా బ్రిడ్జ్‌కు మారడం కొత్త చిక్కులను కొనితెచ్చుకోవడమే.

వర్చువల్‌బాక్స్ కాకుండా వేరేది వాడేవాళ్లకు సంఖ్యలు వేరు. లైనక్స్ హోస్ట్ మీద కేవీఎం వాడితే గెస్ట్‌కు 192.168.122తో మొదలయ్యే అడ్రస్ రావాలి, గేట్‌వే 192.168.122.1. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే 192.168 కింద ఒక వరుస ఎంచుకుంటుంది. అందులో 1 హోస్ట్‌ది, 2 గేట్‌వేది, గెస్ట్‌లకు పంచేవి 128 నుంచి మొదలవుతాయి. కేవీఎం అలవాటున్నవాళ్లు వీఎంవేర్‌లోకి వచ్చి గేట్‌వే 1 అని చేత్తో నింపేస్తారు, బయటికి దారి మూసుకుపోతుంది. విండోస్‌లోని హైపర్-వి డిఫాల్ట్ స్విచ్ అయితే 172తో మొదలయ్యే అడ్రస్ ఇస్తుంది, కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే ఆ వరుసే మారిపోవచ్చు. నిన్న చేత్తో పెట్టిన అడ్రస్ ఇవాళ పనికిరాకపోవడానికి కారణం అదే. హైపర్-విలో అడ్రస్‌ను ఆటోమేటిక్‌గానే వదిలేయాలి.

వర్చువల్‌బాక్స్ గెస్ట్‌లో 192.168.56తో మొదలయ్యే అడ్రస్ ఒక్కటే కనబడిందనుకోండి. అది హోస్ట్-ఓన్లీ నెట్‌వర్క్. హోస్ట్‌కూ గెస్ట్‌కూ మధ్య మాటలకే అది పుట్టింది, దానికి బయటి దారి ఉండదు. ఇక్కడ నెట్ రాకపోవడం లోపం కాదు, అది అలాగే ఉండాలి. నెట్ కావాలంటే రెండో కార్డుగా నాట్ తగిలించండి.

ఎవరూ పలకనప్పుడు

169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే సంగతి వేరు. ఈ అడ్రస్ ఎవరూ ఇచ్చింది కాదు, మెషీన్ తనకు తానే పెట్టుకుంది. అడ్రస్ తీసుకోవడానికి నాలుగు సందేశాలు నడవాలి. ‘ఎవరైనా ఉన్నారా’ అని గెస్ట్ అడుగుతుంది. ‘ఇదిగో ఒక అడ్రస్’ అని సర్వర్ చూపిస్తుంది. ‘అదే ఇవ్వండి’ అని గెస్ట్ కోరుతుంది. ‘ఇచ్చాం’ అని సర్వర్ ఖాయం చేస్తుంది. సర్వర్ వైపు 67, గెస్ట్ వైపు 68 నంబర్ పోర్టుల మీద జరిగే ఈ పనే డీహెచ్‌సీపీ. మొదటి కేకకే జవాబు రాకపోతే విండోస్ 169.254 పెట్టుకుంటుంది. ఈ పద్ధతిని 2005లో ఆర్‌ఎఫ్‌సీ 3927 అనే ఇంటర్నెట్ ప్రమాణంగా రాశారు. లైనక్స్ గెస్ట్‌లో చాలాసార్లు అదీ ఉండదు, 127.0.0.1 తప్ప ఇంకో అడ్రసే కనిపించదు. రెండింటి అర్థమూ ఒకటే. లోపం ఇంటర్నెట్‌లో లేదు, గెస్ట్ గుమ్మం కూడా దాటలేదు.

ఇక్కడ వెతకాల్సిన చోట్లు కొద్దివే. వర్చువల్‌బాక్స్ నెట్‌వర్క్ సెట్టింగ్‌లో ‘కేబుల్ కనెక్టెడ్’ అనే గడి ఉంటుంది. దానిలో టిక్ లేకపోతే తీగ ఊడినట్టే లెక్క. కేవీఎంలో ‘డిఫాల్ట్’ అనే నెట్‌వర్క్ ఆగిపోయి ఉండొచ్చు. ‘విర్ష్ నెట్-స్టార్ట్ డిఫాల్ట్’ అంటే మొదలవుతుంది, ‘నెట్-ఆటోస్టార్ట్’ అంటే ప్రతిసారీ తనే మొదలవుతుంది. విండోస్ మీద వీఎంవేర్ అయితే దాని డీహెచ్‌సీపీ, నాట్ సర్వీసులు నడుస్తున్నాయో లేదో సర్వీసుల జాబితాలో చూడాలి. బ్రిడ్జ్ పెట్టుంటే అది ఏ కార్డుకు కట్టి ఉందో చూడాలి. వైఫైలో కూర్చుని ఖాళీగా ఉన్న కేబుల్ పోర్టుకు బ్రిడ్జ్ కడితే అవతల పలికేవాళ్లు ఎవరుంటారు?

అసలు కార్డే గెస్ట్‌కు కనిపించకపోవడం ఇంకో రకం. వర్చువల్‌బాక్స్ మామూలుగా ఇంటెల్ ప్రో/1000 ఎంటీ డెస్క్‌టాప్ కార్డును నటిస్తుంది. విండోస్ విస్టా, ఆ తర్వాతవి దాన్ని గుర్తుపడతాయి. విండోస్ ఎక్స్‌పీ గుర్తుపట్టదు, దానికి అదే జాబితాలో ఉన్న టీ సర్వర్ రకాన్ని ఎంచుకోవాలి. వేగం కోసం వర్ట్‌ఐవో కార్డు పెడితే విండోస్ గెస్ట్‌లో దాని డ్రైవర్‌ను విడిగా ఎక్కించాలి.

మెషీన్‌ను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చినప్పుడు కలిగే చిక్కు మాత్రం తెలివైనవాళ్లను కూడా గంటలకొద్దీ తిప్పుతుంది. వీఎంవేర్‌లో నెట్‌వర్క్ కార్డుకు ఉబుంటు తరచుగా పెట్టే పేరు ఈఎన్‌ఎస్33. అదే మెషీన్‌ను వర్చువల్‌బాక్స్‌లోకి తెస్తే ఆ పేరు ఈఎన్‌పీ0ఎస్3 అవుతుంది. పేరులోని 0, 3 కార్డు ఏ బస్సులో ఏ స్లాట్‌లో ఉందో చెబుతాయి, రెండో కార్డు ఈఎన్‌పీ0ఎస్8 అవుతుంది. ఉబుంటు సర్వర్‌లో నెట్‌ప్లాన్ ఫైలు మాత్రం ఇంకా పాత పేరు పట్టుకునే ఉంటుంది. లేని కార్డు కోసం అది ఎదురుచూస్తుంటే ఉన్న కార్డు అడిగే దిక్కులేక పడి ఉంటుంది. ఫైలులో ఆ ఒక్క పేరు మార్చి ‘నెట్‌ప్లాన్ అప్లై’ అంటే సరి.

మూడు అడుగులు, ఒక జాగ్రత్త

అడ్రస్ సరిగ్గానే ఉంది, అయినా పేజీ తెరుచుకోవడం లేదు. అప్పుడు దగ్గర నుంచి దూరానికి మూడు చోట్లు తట్టి చూడాలి. మొదట గేట్‌వేకు పింగ్ కొట్టండి. తర్వాత గూగుల్ 2009 డిసెంబరులో తెరిచిన డీఎన్‌ఎస్ సర్వర్ 8.8.8.8కు గానీ, క్లౌడ్‌ఫ్లేర్ 2018 ఏప్రిల్ 1న తెరిచిన 1.1.1.1కు గానీ కొట్టండి. చివరగా ఒక వెబ్‌సైట్ పేరుకు కొట్టండి. మొదటిదే ఆగితే లోపం ఇంట్లో ఉంది. రెండోది ఆగితే హోస్ట్ దగ్గరో దాని అవతలో ఉంది. సంఖ్యకు జవాబొచ్చి పేరుకు రాకపోతే డీఎన్‌ఎస్ దగ్గరుంది.

పింగ్‌ను గుడ్డిగా నమ్మకూడదు. స్లర్ప్ వారసత్వం ఇక్కడ అడ్డొస్తుంది. పింగ్ వాడే ఐసీఎంపీ సందేశాలు పంపడానికి చాలా సిస్టమ్‌లలో ప్రత్యేక అనుమతి కావాలి, మామూలు ప్రోగ్రామ్‌గా నడిచే నాట్‌కు అది ఉండకపోవచ్చు. క్యూఈఎంయూ యూజర్ మోడ్‌లో పింగ్ విఫలమై బ్రౌజర్ నిక్షేపంగా నడవడం మామూలే. వర్చువల్‌బాక్స్‌లో పింగ్ పనిచేస్తుంది, ట్రేస్‌రూట్ లాంటివాటి జవాబులు మాత్రం నమ్మకంగా ఉండవు. అందుకని పింగ్ విఫలమైతే వెంటనే నెట్ లేదని తీర్మానించకుండా ‘కర్ల్’తో హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే ఒక వెబ్ పేజీ అడిగి చూడండి. అది వెబ్‌సైట్లు నిజంగా వాడే 443 పోర్టు మీద వెళ్తుంది, దాని మాటకు విలువ ఎక్కువ.

విండోస్ గెస్ట్ మూలన కనిపించే ‘ఇంటర్నెట్ లేదు’ బొమ్మను కూడా ఇదే చూపుతో చూడాలి. విండోస్ మైక్రోసాఫ్ట్ సైటు నుంచి ఒక చిన్న టెక్స్ట్ ఫైలు తెచ్చుకోగలిగిందా, ఒక నిర్ణీత పేరుకు 131.107.255.255 అనే జవాబు వచ్చిందా అని పరీక్షించి ఆ బొమ్మ పెడుతుంది. ఆ పరీక్షకు ఎక్కడో అడ్డు తగిలితే మిగతా సైట్లన్నీ తెరుచుకుంటున్నా బొమ్మ అలాగే ఉంటుంది.

5 సెకన్ల ఆనవాలు

ఇంటి వర్చువల్ మెషీన్లలో ‘నెట్ పోయింది’ అనే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండేది డీఎన్‌ఎస్. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. కాలేజీ వైఫైలో గెస్ట్ తెరిచారు. మూత వేసి ఇంటికొచ్చి ఇంటి వైఫైలో మళ్లీ తెరిచారు. గెస్ట్ అడ్రస్ మారలేదు, కనెక్షన్ తెరిచే దారీ బాగానే ఉంది, కానీ పేర్లు ఎవర్ని అడగాలో మాత్రం పాత సమాచారమే మిగిలింది. ఆఫీసు వీపీఎన్ పెట్టినప్పుడూ తీసేసినప్పుడూ ఇదే జరుగుతుంది. గెస్ట్ నెట్‌వర్క్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. ఊళ్లు తిరుగుతూ పనిచేసేవాళ్లయితే వర్చువల్‌బాక్స్‌లో ‘నాట్‌డీఎన్‌ఎస్‌హోస్ట్‌రిజాల్వర్’ అనే ఆప్షన్‌ను ఆన్ చేసి ఉంచుకోవచ్చు. అప్పుడు గెస్ట్ అడిగిన పేర్లను హోస్ట్ తన సొంత పద్ధతిలో వెతికి చెబుతుంది.

డీఎన్‌ఎస్ లోపానికి ఒక ఆనవాలు గడియారంలో దొరుకుతుంది. లైనక్స్ సంప్రదాయ లైబ్రరీ ఒక డీఎన్‌ఎస్ సర్వర్ జవాబు కోసం 5 సెకన్లు ఆగి, తర్వాత జాబితాలోని రెండోదాన్ని అడుగుతుంది. మొత్తం జాబితాను రెండుసార్లు చుడుతుంది. కాబట్టి పేజీ రావడం వస్తోంది కానీ ప్రతి కొత్త సైటుకూ సుమారు 5 సెకన్లు కదలకుండా ఆగి, ఆ తర్వాత గబగబా తెరుచుకుంటుంటే, మొదటి డీఎన్‌ఎస్ సర్వర్ చచ్చిపోయిందని రెండోది పలుకుతోందని అనుమానించండి. నెట్ నిదానంగా ఉంటే ఆలస్యం పేజీ అంతటా పరుచుకుంటుంది. డీఎన్‌ఎస్ లోపమైతే ఆలస్యం మొదట్లోనే ముద్దగా ఉంటుంది.

ఉబుంటులో డీఎన్‌ఎస్ సర్వర్ ఎవరని చూస్తే 127.0.0.53 అని కనిపించి చాలామందిని కంగారు పెడుతుంది. అది మెషీన్ లోపలే కూర్చుని ఇతరుల్ని అడిగి చెప్పే సహాయకుడు. అసలు సర్వర్ ఎవరో ‘రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్’ చెబుతుంది. 53ను ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు, డీఎన్‌ఎస్ పోర్టు నంబరే 53. తాత్కాలికంగా గెస్ట్‌లో 8.8.8.8 అని చేత్తో పెట్టి చూడటం మంచి పరీక్షే. అలా పెడితే పనిచేసిందంటే జబ్బు తేలినట్టు. అయితే దాన్నే శాశ్వతంగా వదిలేస్తే ఆఫీసు లోపలి పేర్లు దొరకవు, ఆ సంగతి గుర్తుండాలి.

వైఫై మీద బ్రిడ్జ్

గెస్ట్‌ను ఇంటి రౌటర్‌కు నేరుగా పరిచయం చేయడం బ్రిడ్జ్. రౌటర్ దానికి 192.168.1 లేదా 192.168.0 వరుసలో సొంత అడ్రస్ ఇస్తుంది, ఇంట్లోని ఫోన్లూ టీవీ దాన్ని చూడగలుగుతాయి. కేబుల్ మీద ఇది హాయిగా సాగుతుంది. వైఫై మీదే ఇబ్బంది, దాని కారణం వైఫై నిర్మాణంలోనే ఉంది. ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ 48 బిట్ల మ్యాక్ అడ్రస్ ఉంటుంది, దాన్ని 12 అంకెలుగా రాస్తారు. వైఫై రౌటర్ తన దగ్గర పేరు నమోదు చేయించుకుని, పాస్‌వర్డ్ చెప్పి చేరిన మ్యాక్ నుంచి వచ్చే ప్యాకెట్లనే తీసుకుంటుంది. చేరింది ల్యాప్‌టాప్ కార్డు. గెస్ట్ తన సొంత మ్యాక్‌తో ప్యాకెట్ పంపితే రౌటర్‌కు అది ముక్కూమొహం తెలియని మనిషి.

వర్చువల్‌బాక్స్ దీనికొక ఉపాయం చేస్తుంది. వైఫై మీద బ్రిడ్జ్ కడితే బయటికెళ్లే ప్రతి ప్యాకెట్‌లోనూ గెస్ట్ మ్యాక్ తీసేసి ల్యాప్‌టాప్ మ్యాక్ రాస్తుంది, తిరిగొచ్చినవాటిని ఐపీ అడ్రస్ చూసి గెస్ట్‌కు చేరుస్తుంది. చాలా ఇళ్లలో ఇది నడిచిపోతుంది. ఒక మ్యాక్‌కు ఒకే అడ్రస్ అని పట్టుబట్టే రౌటర్ల దగ్గర, లాగిన్ పేజీ అడిగే హాస్టల్ వైఫైల దగ్గర, మ్యాక్ నమోదు ఉంటేనే రానిచ్చే ఆఫీసుల్లో నడవదు. లైనక్స్ హోస్ట్ మీద మామూలు బ్రిడ్జ్‌కు ఈ ఉపాయం లేదు, అక్కడ వైఫై కార్డును బ్రిడ్జ్‌లో చేర్చడానికే సాధారణంగా వీలుపడదు. అందుకే వైఫై మీద ఉన్నవాళ్లకు నాట్ చెబుతాను. ఫోన్ నుంచి గెస్ట్‌లోని వెబ్‌సైట్ చూడాలన్న కోరిక ఉన్నా, పోర్ట్ ఫార్వర్డింగ్‌తో ఆ పని తీరుతుంది. ఉదాహరణకు హోస్ట్‌లోని 2222 పోర్టును గెస్ట్‌లోని 22కు కలిపితే హోస్ట్ నుంచి గెస్ట్‌లోకి లాగిన్ కావచ్చు. తిరుగు దారిలో, గెస్ట్ నుంచి హోస్ట్‌ను పిలవాలంటే 10.0.2.2 ఉంది.

కరెంటు పోయినప్పుడో, ఊరికి వెళ్లినప్పుడో ఫోన్ హాట్‌స్పాట్ వాడతాం. అక్కడ లెక్క ఇంకా బిగుతు. ఐఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చేది 172.20.10 వరుసలో 16 అడ్రస్‌ల చిన్న ముక్క. మొదటిదీ చివరిదీ పోతే 14, ఫోన్‌కు ఒకటి పోతే 13. ఇంటి రౌటర్ మామూలు వరుసలో 254 పనికొస్తాయి. హాట్‌స్పాట్ మీద మూడు నాలుగు గెస్ట్‌లను బ్రిడ్జ్‌లో పెట్టే ఆలోచన మానుకోండి.

కంప్యూటర్‌లోనే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి బ్రాడ్‌బ్యాండ్ డయల్ చేసుకునేవాళ్లకు బ్రిడ్జ్ అసలు కుదరదు. కేబుల్ అవతల అడ్రస్ పంచే రౌటర్ లేదు కాబట్టి గెస్ట్‌కు మళ్లీ అదే 169.254 వస్తుంది.

ఒకే నంబర్ ఇద్దరికి

సొంత నెట్‌వర్క్‌లలో ఎవరైనా వాడుకోవచ్చని 1996 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 1918 మూడు వరుసలు కేటాయించింది. 10తో మొదలయ్యేవి 1,67,77,216. 172.16 నుంచి 172.31 వరకు 10,48,576. 192.168తో మొదలయ్యేవి 65,536. ప్రపంచం మొత్తానికి ఉన్న పాతరకం ఐపీ అడ్రస్‌లే 429 కోట్ల పైచిలుకు, వాటిలో పంచని ఆఖరి పెద్ద ముక్కలు 2011 ఫిబ్రవరి 3న అయిపోయాయి. అందుకే ఇంటింటా ఇవే అడ్రస్‌లు మళ్లీ మళ్లీ వాడుకుంటున్నాం. ఇబ్బంది ఎప్పుడొస్తుందంటే, రెండు నెట్‌వర్క్‌లు ఒకే మెషీన్ దగ్గర కలిసి రెండూ ఒకే వరుస వాడుతున్నప్పుడు. ఆఫీసు వీపీఎన్‌లో సర్వర్లు 10.0.2 వరుసలో ఉన్నాయనుకోండి. గెస్ట్ కూడా తన 10.0.2లోనే ఉంది. ఆ సర్వర్లు తన గదిలోనే ఉన్నాయనుకుని గెస్ట్ అక్కడక్కడే వెతుక్కుంటుంది, బయటికి అడగదు. మిగతా ఇంటర్నెట్ అంతా వస్తూ ఆఫీసు ఒక్కటే రాకపోతే ఈ లెక్క చూడండి. ‘వీబాక్స్‌మేనేజ్’ కమాండ్‌లో ‘నాట్‌నెట్1’ ఆప్షన్‌తో గెస్ట్ వరుసను వేరేదానికి మార్చుకోవచ్చు.

రౌటర్ బయటి అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య కనిపిస్తే అర్థం ఇంకొకటి. 2012 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6598 ఈ 41,94,304 అడ్రస్‌లను ఇంటర్నెట్ కంపెనీల ఉమ్మడి వాడకానికి కేటాయించింది. అంటే మీ గెస్ట్ నాట్ ఒకటి, రౌటర్ నాట్ రెండు, కంపెనీ నాట్ మూడు. లోపలి నుంచి బయటికి పోవడానికి మూడూ అడ్డుకావు. బయటి నుంచి మీ గెస్ట్‌లోని వెబ్‌సైట్‌ను స్నేహితుడికి చూపించాలంటే మాత్రం రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా కుదరదు, మూడోది మీ చేతిలో లేదు.

కాపీ చేసిన మెషీన్లదీ ఇదే జాతి చిక్కు. ఒక ఉబుంటు సర్వర్‌ను తయారుచేసి రెండు కాపీలు తీస్తారు. వర్చువల్‌బాక్స్ గెస్ట్‌ల మ్యాక్ 08:00:27తో మొదలవుతుంది, క్యూఈఎంయూలో 52:54:00తో. కాపీ తీసేటప్పుడు కొత్త మ్యాక్ అడగకపోతే తర్వాతి ఆరు అంకెలూ ఒకటే అవుతాయి, బ్రిడ్జ్‌లో రెండింటికీ ఒకే అడ్రస్ వచ్చి నెట్ వస్తూ పోతూ ఉంటుంది. మ్యాక్ మార్చినా ఒక్కోసారి అడ్రస్ ఒకటే వస్తుంది. ఉబుంటు సర్వర్ అడ్రస్ అడిగేటప్పుడు మ్యాక్ బదులు మెషీన్-ఐడీ అనే 32 అంకెల గుర్తు నుంచి తయారైన పేరు చెబుతుంది, అదీ కాపీలో అలాగే వచ్చేసింది. ఆ ఐడీని కొత్తగా పుట్టించాలి, లేదా నెట్‌ప్లాన్‌లో డీహెచ్‌సీపీ గుర్తుగా మ్యాక్‌నే వాడమని చెప్పాలి.

చిన్నవి పోతాయి, పెద్దవి పోవు

పింగ్ వెళ్తోంది, పేర్లు దొరుకుతున్నాయి, కొన్ని సైట్లు తెరుచుకుంటున్నాయి, కొన్ని మాత్రం సగంలో వేలాడిపోతున్నాయి. ఇది ప్యాకెట్ సైజు గొడవ. ఈథర్‌నెట్‌లో ఒక్కో ప్యాకెట్ 1500 బైట్ల దాకా ఉండొచ్చు. మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు వాడే పీపీపీఓఈ పద్ధతి అందులో 8 బైట్లు తనకు తీసుకుంటుంది, మిగిలేది 1492. వైర్‌గార్డ్ వీపీఎన్ మామూలుగా 1420కి తగ్గిస్తుంది. డయల్ చేసింది గానీ వీపీఎన్ పెట్టింది గానీ హోస్ట్ అయితే ఈ తగ్గింపు హోస్ట్‌కు తెలుసు. గెస్ట్‌కు తెలియదు, అది 1500 అనుకుని నిండా నింపి పంపిస్తుంది. ‘ఇది పట్టదు’ అని మధ్యలో ఎవరైనా చెప్పాలి, ఆ మాటను ఏ ఫైర్‌వాలో మింగేస్తే గెస్ట్ అలా ఎదురుచూస్తూనే ఉంటుంది.

పరీక్ష సులువు. ముక్కలు చేయవద్దని చెప్పి 1472 బైట్ల పింగ్ పంపండి. దానికి 28 బైట్ల తలకట్టు కలిసి 1500 అవుతుంది. అది పోకుండా 1464 పోతే మీ దారి 1492. 1392 దగ్గర పోతే 1420. గెస్ట్ కార్డు ఎంటీయూను, అంటే ప్యాకెట్ గరిష్ఠ సైజును, ఆ సంఖ్యకు, లేదా నిశ్చింతగా 1400కు తగ్గిస్తే వేలాడటం ఆగుతుంది. కేవీఎం, హైపర్-వి నాట్‌లలో ఇది ఎదురవుతుంది. వర్చువల్‌బాక్స్ నాట్‌లో అరుదు. అక్కడ గెస్ట్ కనెక్షన్ హోస్ట్ దగ్గరే ముగిసి, హోస్ట్ తన కొలతతో కొత్త కనెక్షన్ తెరుస్తుంది.

నెట్‌వర్క్‌తో సంబంధం లేని ఒక కారణాన్ని ముందే చూసుకుంటే సమయం మిగులుతుంది. అది గెస్ట్ గడియారం. నెలల కిందటి స్నాప్‌షాట్‌ను లేపితే గెస్ట్ కాసేపు ఆ పాత తేదీలోనే బతుకుతుంది. కొన్ని వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్ కాలం 90 రోజులే, అవి గెస్ట్ కంటికి ఇంకా పుట్టనట్టే కనిపిస్తాయి. పింగ్ బాగానే ఉంటుంది, ఏ పేజీ అడిగినా సర్టిఫికెట్ తప్పంటుంది. తేదీ సరిచేస్తే చాలు. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ గెస్ట్‌లో మాత్రం తేదీ సరిగ్గా ఉన్నా దాని సొంత బ్రౌజర్‌కు ఇప్పటి టీఎల్‌ఎస్ 1.2 రాదు, పేజీలు తెరుచుకోవు. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయింది. పాత ఆటలకో, పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌కో దాన్ని పెట్టుకుంటే నెట్ కార్డు తీసేసి వాడుకోవడమే క్షేమం.

ఇవన్నీ చూశాక కూడా తేలక ఎవరినైనా సాయం అడగాల్సి వస్తే, ‘నెట్ రావట్లేదు’ అన్న ముక్క పంపితే అవతలివాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. హోస్ట్ అడ్రస్, గెస్ట్ అడ్రస్, గేట్‌వే, డీఎన్‌ఎస్ సర్వర్, 1.1.1.1కూ ఒక పేరుకూ వచ్చిన జవాబులు, నాట్‌లో ఉన్నారా బ్రిడ్జ్‌లోనా, హోస్ట్ వైఫైలో ఉందా కేబుల్‌లోనా, వీపీఎన్ నడుస్తోందా, ఇవి రాయండి. 10, 192.168తో మొదలయ్యేవీ, 172.16 నుంచి 172.31 మధ్యవీ మీ ఇంటి బయట ఎవరికీ పనికిరావు, ధైర్యంగా చెప్పొచ్చు. రౌటర్ బయటి అడ్రస్, వైఫై పేరు మాత్రం స్క్రీన్‌షాట్‌లో చెరిపేసి పంపండి.